సంతకానికి వెళ్లిన రోజే మర్చిపోతారెందుకు?

ప్రశ్న: నాకు 43 ఏళ్లు. బ్యాంకులో క్యాషియర్‌ని. అక్కడ రూపాయి తేడా రానివ్వను. కానీ నాన్న పోయిన ఈ ఏడాదిగా ఇంట్లో అంతా మతిమరుపే. తాళాలు ఎక్కడ పెట్టానో తెలియదు, పాలు పొయ్యి మీద వదిలేస్తున్నాను. నిద్ర పట్టడం లేదు. ఊళ్లో పొలం అన్నయ్య పేర రాసివ్వడానికి రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్తే ఒకసారి ఆధార్, ఇంకోసారి పాన్ కార్డు ఇంట్లోనే మర్చిపోయాను. అన్నయ్య అందరి ముందూ తిట్టాడు. ఇది అల్జీమర్సా? ఏ మందులు వాడాలి?

జవాబు: అమ్మా, థైరాయిడ్, బి12 పరీక్షలు చేయించుకోండి. మందుల మాట అంతవరకే.

తాళాల సంగతి అసలు మర్చిపోవడం కిందికే రాదు. పెట్టేటప్పుడు మనసు అక్కడ లేదు, కాబట్టి గుర్తు పడనేలేదు. ఇక నిద్ర. 1924లో అమెరికాలో జెంకిన్స్, డాలెన్‌బాక్ అనే పరిశోధకులు, ఇద్దరు విద్యార్థుల చేత అర్థంలేని అక్షరాలు వల్లె వేయించారు. వల్లించి పడుకుంటే తక్కువ మర్చిపోయారు, మెలకువగా ఉండి పనుల్లో పడితే ఎక్కువ. కొత్త విషయాలు మీద పడి పాతవాటిని తొక్కేస్తాయన్నమాట. నిద్రలేకుండా మీరు తిప్పుకుంటున్న ఆలోచనలు తక్కువా?

ఆ కార్డులు మాత్రం వేరే కథ. చేయాల్సిన పని మర్చిపోయామంటే, లోపల దాన్ని వద్దంటున్న మనసొకటి ఉండొచ్చని మానసిక వైద్యుడు ఫ్రాయిడ్ 1901లోనే రాశాడు. ఆయన చెప్పినవన్నీ నేను నమ్మను, చాలావాటికి ప్రయోగాల్లో గట్టి ఆధారం లేదు కూడా. కానీ రోజంతా కాగితాలు సరిచూసే క్యాషియర్ రెండుసార్లూ సంతకం రోజే కార్డు మర్చిపోతే నాకు ఫ్రాయిడే గుర్తొస్తాడు.

మీకు ఆ సంతకం పెట్టడం ఇష్టం లేదు. ఆ మాట అన్నయ్యతో అనడానికి భయం. పుట్టింటి గుమ్మం మూసుకుపోతుందని కదూ? హిందూ వారసత్వ చట్టంలో, వీలునామా రాయకుండా పోయిన తండ్రి ఆస్తిలో కూతురికి వాటా 1956 నుంచే ఉంది. తాతల నుంచి వచ్చే పిత్రార్జితంలో కొడుకుతో సమాన హక్కు దేశమంతటా 2005లో వచ్చింది. వదులుకోవద్దని నేను అనను. నేనూ మా తమ్ముడికి వదిలేశాను, కానీ వాడి చేత అడిగించుకుని వదిలేశాను. "చెల్లెమ్మా, నీకిష్టమేనా?" అని మీ అన్నయ్య ఒక్కసారైనా అడిగినట్టు మీ ఉత్తరంలో లేదు. పైగా నలుగురిలో తిట్టాడు, మీరు పడ్డారు.

మూడోసారి తేదీ తీసుకోకండి. ఫోన్ చేసి, "అన్నయ్యా, ముందు మనిద్దరం కూర్చుని మాట్లాడుకోవాలి, ఆ తర్వాతే ఆఫీసు" అని చెప్పండి. వదినతో కబురు పంపొద్దు. అమ్మని మధ్యలోకి లాగొద్దు, ఆవిడ ఉండేది ఆయన దగ్గరే.