రాగి సెంట్లు కొనబోతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

డాలరులో నూరో వంతు విలువైన అమెరికా పాత రాగి నాణేలు, అదే సెంట్ల మీద నీకు మనసు పోయిందని అక్కయ్య ఫోనులో చెప్పగానే చాలా సంతోషించాను. ఫిలడెల్ఫియా టంకశాల 1793 నుంచి 1857 దాకా ముద్రించిన ఆ పెద్ద సెంట్లంటే నాకు ప్రాణం.

అన్నిటికంటే ముందు ఒక మాట. చింతపండును వాటి దరిదాపులకు రానివ్వకు. రాగి చెంబు నల్లబడితే మన ఇళ్లలో చేయి ఊరుకోదు. సెంటును అలా తోమితే నిమిషంలో తళతళలాడుతుంది కానీ, ఏళ్ల తరబడి పట్టిన గోధుమరంగు పొర పోతుంది. పోయిందా, ఇక తిరిగి రాదు. తెలిసినవాళ్లు అలాంటి నాణేన్ని చూడగానే పక్కన పెట్టేస్తారు. దుమ్ముంటే మెత్తటి కుంచెతో తుడిస్తే చాలు. ఎప్పుడూ అంచులే పట్టుకో. మెత్తటి పీవీసీ ప్లాస్టిక్ కవర్లలో మాత్రం దాచకు, రాగికి పచ్చటి జిడ్డు పడుతుంది.

1793, 1799, 1804 సెంట్లు అరుదైనవి, ఖరీదైనవి, వాటి జోలికి ఇప్పుడే వెళ్లకు. 1798 సెంటు చివరి అంకెను చెక్కి 1799గా అమ్మిన మోసగాళ్లు పూర్వం నుంచీ ఉన్నారు. 1840ల, 1850ల సెంట్లతో మొదలుపెట్టు, ధర అందుబాటులో ఉంటుంది. బొమ్మ కాస్త అరిగినా ఫరవాలేదు, ఒళ్లు నున్నగా, గుంటలు, చిలుము లేకుండా ఉన్నదే తీసుకో. 1815 కోసం మాత్రం వెతకకు. 1812లో ఇంగ్లండుతో మొదలైన యుద్ధం వల్ల అక్కడి నుంచి రాగి బిళ్లలు రావడం ఆగిపోయింది, 1815 అంకె వేసిన సెంటే లేదు.

అసలు ఆనందం భూతద్దం పట్టాక మొదలవుతుంది. తొలినాళ్లలో నాణేన్ని ముద్రించే అచ్చులు చేత్తో చెక్కేవారు కనుక ఏ రెండూ ఒకేలా ఉండవు. అంకెల మధ్య ఎడం, వెనకవైపు దండలోని ఆకుల కొన ఏ అక్షరం కింద ఆగింది, అచ్చు ఎక్కడ పగిలింది, ఇవన్నీ చూడాలి. 1807 సెంట్లలో ఒకదానిపై స్వేచ్ఛాదేవి లిబర్టీ తల వెనక అచ్చు దెబ్బతిన్న గుర్తు తోకచుక్కలా కనిపిస్తుంది, అందుకే దాన్ని కామెట్ అంటారు. ఇలాంటి తేడాలను బట్టి 1814 వరకు వచ్చిన రకాలకు నాణేల పరిశోధకుడు విలియం షెల్డన్ ఇచ్చిన నంబర్లే నేటికీ వాడుతున్నాం. ఇప్పుడు నాణెం ఎంత బాగుందో చెప్పడానికి వాడే 70 పాయింట్ల కొలత కూడా ఆయన ఈ సెంట్ల కోసం 1949లో వేసినదే.

కొన్న ప్రతిదానికీ తేదీ, ధర, రకం నంబరు ఒక చీటీ మీద రాసి ఉంచు. మొదటి సెంటు కొనే ముందు రెండు వైపులా ఫోటోలు తీసి నాకు పంపు. పగటి వెలుతురులో తియ్యి, దీపం కింద చిలుము కనబడదు.