తెల్లవారకముందే ఘాట్‌కు వెళ్తున్నాం, వెంట ఏమేం ఉండాలి?

ప్రశ్న: పాత మిత్రులం ఎనిమిది మందిమి కలిసి జనవరిలో ఒక ఆదివారం విజయవాడ పున్నమి ఘాట్ నుంచి సూర్యోదయాన్ని ఫొటోలు తీయాలనుకుంటున్నాం. ఇద్దరి దగ్గరే ట్రైపాడ్లు (కెమెరాను నిలబెట్టే మూడు కాళ్ల స్టాండ్లు) ఉన్నాయి. నాకు కెమెరాతో పాటు వచ్చిన 18-55 లెన్స్ తప్ప మరేమీ లేదు. ఏమేం తీసుకువెళ్లాలో చెప్పగలరు.
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మీ లెన్స్ గురించి దిగులు పెట్టుకోకండి. నదీ, ఆకాశమూ, దూరాన బ్యారేజీ కలిసి వచ్చే విశాలమైన దృశ్యానికి అది చక్కగా సరిపోతుంది. ముందుగా సమయం సంగతి చూసుకోండి. జనవరి మధ్యలో విజయవాడలో సూర్యోదయం ఉదయం 6:40 ప్రాంతంలో అవుతుంది. కానీ ఆకాశంలో మంచి రంగులు అంతకు పాతిక నిమిషాల ముందు నుంచే మొదలవుతాయి కనుక, 5:45 కల్లా అందరూ ఘాట్ మెట్ల మీద ఉండాలి. అంటే సంచి సర్దుకున్నది వెలుతురులోనే అయినా, అందులోంచి వస్తువులు తీసేది చీకట్లోనని గుర్తుంచుకుని సర్దుకోండి. ఏ వస్తువు ఏ అరలో ఉందో చేతికి తెలిసి ఉండాలి.

ట్రైపాడ్ లేకపోవడం పెద్ద లోటు కాదు. మందపాటి గుడ్డతో జానెడు సంచి కుట్టి, అందులో ముప్పాతిక వంతు పెసలో బియ్యమో పోసి, మూతి గట్టిగా కుట్టేయండి. దాన్ని మెట్టు మీదో పిట్టగోడ మీదో పెట్టి, కెమెరాను అందులోకి కాస్త నొక్కితే, గింజలు సర్దుకుని దాన్ని కదలకుండా పట్టుకుంటాయి. మీటను వేలితో నొక్కినప్పటి అదురు కూడా తగలకుండా 2 సెకన్ల టైమర్ పెట్టుకోండి. చీకట్లో కెమెరాలోకి వెలుగును వదిలే షట్టర్ అర సెకను, ఒక్కొక్కప్పుడు ఇంకా ఎక్కువసేపు తెరిచి ఉంటుంది కాబట్టి ఈ జాగ్రత్త తప్పదు.

ఎనిమిది మంది పక్కపక్కనే నిలబడేటప్పుడు అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేది టార్చి. చీకటికి కళ్లు బాగా అలవాటు పడడానికి 20 నిమిషాలకు పైగా పడుతుంది; ఒకరు సెల్‌ఫోన్ లైటు వేస్తే ఆ అలవాటు అందరికీ ఒక్కసారిగా పోతుంది, పక్కవాళ్ల ఫొటోలో కూడా ఆ వెలుగు పడుతుంది. అందుకని ప్రతి ఒక్కరూ చిన్న టార్చి తెచ్చుకుని, దాని ముఖానికి ఎర్ర జిలెటిన్ కాగితాన్ని రెండు పొరలుగా రబ్బరు బ్యాండుతో బిగించుకోవాలి. కెమెరాలో ఫ్లాష్‌ను, ఫోకస్ కోసం వెలిగే చిన్న దీపాన్ని బయలుదేరే ముందే ఆపేయండి. ఈ ఒక్క మాట మీ మిత్రులందరికీ ముందురోజే చెప్పమని నా మనవి.

ఛార్జి చేసిన రెండో బ్యాటరీ, ఖాళీ మెమరీ కార్డు ఉండాలి. ఒకసారి నేను కార్డును ఇంట్లో కంప్యూటర్‌లోనే మరిచిపోయి, వచ్చిన వెలుగునంతా చూస్తూ నిలబడవలసి వచ్చింది. అప్పటి నుంచి రాత్రే కార్డును కెమెరాలో పెట్టి ఒక ఫొటో తీసి చూసుకుంటున్నాను. నది ఒడ్డున మంచు కురిసి లెన్స్ మసకబారుతుంది కనుక మెత్తని పొడి గుడ్డలు రెండు పెట్టుకోండి. కారులో ఏసీ వేసుకోకండి, చల్లబడిన గాజు మీద తేమ త్వరగా పడుతుంది. తడిసిన మెట్ల మీద జారని చెప్పులు, ఫ్లాస్కులో టీ, చెత్త తిరిగి తెచ్చుకోవడానికి ఒక సంచి సరిపోతాయి.

ఆ వేళకు స్నానాలకు వచ్చేవారు ఉంటారు. వారి వైపు కెమెరా తిప్పకండి. ఎవరి ముఖమైనా ఫొటోలో కావాలనుకుంటే దగ్గరికి వెళ్లి అడగండి.

ప్రశ్న: మా పదేళ్ల బాబు కూడా వస్తానంటున్నాడు. సూర్యుణ్ణి కెమెరాలోంచి చూడడం వాడి కళ్లకు ప్రమాదమా?
– అదే పాఠకురాలు

జవాబు: ప్రమాదమే. పొగమంచులో ఎర్రగా కనిపించే బింబాన్ని చూసి భయం లేదనుకుంటాం గానీ, సూర్యుడు తన వెడల్పు మేర పైకి రావడానికి సుమారు 2 నిమిషాలే పడుతుంది, చూస్తుండగానే వెలుగు తీక్షణమవుతుంది. లోపల అద్దం ఉన్న కెమెరా (డీఎస్‌ఎల్‌ఆర్) అయితే కంటిని వ్యూఫైండర్‌కు, అంటే కన్ను పెట్టి చూసే చిన్న కిటికీకి, ఆనించనివ్వకుండా, వెనకున్న తెర మీదే చూడమనండి. దూరాన్ని బాగా దగ్గరగా చూపే పెద్ద జూమ్ లెన్స్ ఉంటే మరీ జాగ్రత్త. బాబుకు మంకీ క్యాపు, స్వెటరు వేయండి. నీటి అంచున కూర్చోనివ్వకుండా, మీరు నిలబడ్డ మెట్టు మీదే పక్కన ఉంచుకోండి.