ఓటు ఊళ్ళో, కాపురం బెంగళూరులో: పాఠకుల ప్రశ్నలకు టీచరమ్మ జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో కోడళ్ళ గొడవలు తక్కువ, పార్టీల గొడవలు ఎక్కువ. నేను హిందూపురంలో పుట్టి, బెంగళూరు సర్కారు బడుల్లో పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని. బడి టీచరంటే ఎన్నికల డ్యూటీ తప్పదు కాబట్టి ఈ విషయంలో కాస్త సొంత అనుభవం ఉంది.

ప్రశ్న: మాది కడప జిల్లా. మారతహళ్ళిలో ఉంటున్నాం. మా ఆయనది ఒక పార్టీ, మరిదిది ఇంకో పార్టీ. ఇంటి వాట్సాప్ గ్రూపులో రాత్రి పదకొండుకి మొదలుపెడితే ఒంటిగంటైనా ఆపరు. మొన్న మాటామాటా పెరిగి మామగారు గ్రూపులోంచి వెళ్ళిపోయారు. వచ్చే నెల ఆడపడుచు గృహప్రవేశం. అన్నదమ్ములిద్దరూ ఒకచోట కూర్చుంటే ఏమవుతుందోనని టెన్షన్‌గా ఉంది. ఇంట్లో రాజకీయాలు మాట్లాడొద్దని గట్టిగా చెప్పేయనా?

జవాబు: చెప్పొద్దమ్మా. చెప్పినా వినరు. విన్నా ఇంకో చిక్కు ఉంది. ఇంట్లో నోరు మూయిస్తే ఎవరి ఫోనులో వాళ్ళు, తమకు నచ్చిందే చదువుకుంటూ కూర్చుంటారు. ఇప్పుడు కనీసం అవతలివాడి మాట చెవిన పడుతోంది.

ముందు మీరు మామగారికి ఫోన్ చేయండి. మళ్ళీ గ్రూపులో చేర్చి 'సారీ నాన్నా' అని చేతులు జోడించిన బొమ్మ పెట్టడం కాదు. కొడుకులిద్దరూ విడివిడిగా ఆయనతో మాట్లాడాలి. పెద్దాయన అలిగింది పార్టీ గురించి అయి ఉండదు, తన ముందు వాడిన మాటల గురించి అయి ఉంటుంది.

తర్వాత ఒక సాయంత్రం తీరిగ్గా ఆ గ్రూపు పైకి జరుపుతూ చదవండి. ఎవరి నాయకుడు ఎంత గొప్పవాడు, అవతలివాడి అభిమానులు ఎంత పనికిమాలినవాళ్ళు, ఇదే కదా ఉండేది? ఇప్పుడు మీ ఆయన్ని ఒకటే అడగండి: మన వార్డు కార్పొరేటరు ఎవరు? బెంగళూరు మహానగర పాలికెకు చివరిసారి ఎన్నికలు జరిగింది 2015 ఆగస్టులో. ఆ కౌన్సిల్ గడువు 2020 సెప్టెంబరు 10తో ముగిసింది. గడువు తీరకముందే కొత్త ఎన్నిక పూర్తి చేయాలని రాజ్యాంగంలోని 243-యు అధికరణం చెబుతోంది. 74వ సవరణతో వచ్చిన నియమం అది. అయినా 2025 సెప్టెంబరు నాటికి ఐదేళ్ళు, అంటే ఒక పూర్తి కౌన్సిల్ కాలం, ఎన్నికైన కార్పొరేటరు ఒక్కరూ లేకుండానే గడిచిపోయింది. అదే నెలలో పాలికెను ఐదు కార్పొరేషన్లుగా విడగొట్టారు. ఈ మధ్యలో రాష్ట్రంలో ప్రభుత్వం ఒక పార్టీ చేతినుంచి ఇంకో పార్టీ చేతికి పోయింది. ఎవరున్నా ఈ ఎన్నిక వాయిదాలే చూసింది. మీ ఇంట్లో అన్నదమ్ములకి ఇందులో ఏకాభిప్రాయం కుదరడానికి బోలెడు చోటుందని నాకనిపిస్తోంది.

వాదన ఆపమనను. వాదించేదాన్ని తేల్చుకోగలిగేదిగా మార్చమంటాను. గ్రూపులో ఏది పెట్టినా అది ఎక్కడినుంచి వచ్చిందో పెట్టినవాళ్ళే చెప్పాలి, చెప్పలేకపోతే తీసేయాలి. ఇద్దరికీ ఒకే రూలు. పార్టీ పథకం గురించి పోట్లాడితే ఎంతమందికి అందింది, ఎక్కడ ఆగింది అని పోట్లాడాలి. ఇక మరిది పెట్టిన ప్రతి మెసేజికీ అర్ధరాత్రి జవాబివ్వాలని ఏ రాజ్యాంగంలోనూ లేదని మీ ఆయనకి నా మాటగా చెప్పండి. గృహప్రవేశం రోజు ఒకరికి వడ్డన, ఇంకొకరికి పార్కింగ్ అప్పగించండి. ఆ పూటకి అది చాలు.

ప్రశ్న: బీటీఎం లేఅవుట్‌లో పీజీలో ఉంటాను. ప్రతి ఎన్నికకీ బస్సెక్కి ఊరెళ్ళి ఓటేసి వస్తాను. ఊళ్ళో సొంతిల్లు ఉంది కాబట్టి ఆ ఓటు ఉంచుకుని ఇక్కడ కూడా నమోదు చేయించుకోవచ్చా? 2024లో తేదీలు వేరు కదా, రెండుచోట్లా వేయొచ్చని ఫ్రెండ్స్ అంటున్నారు.

జవాబు: తేదీలు వేరన్న మాట నిజమే బాబూ. ఇక్కడ ఏప్రిల్ 26న, ఆంధ్రలో మే 13న జరిగాయి. మీ ఫ్రెండ్స్ చెప్పింది మాత్రం నేరం. ఒకటికంటే ఎక్కువ నియోజకవర్గాల్లో పేరుండకూడదని 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం స్పష్టంగా చెబుతుంది. దరఖాస్తులో తెలిసీ అబద్ధం రాస్తే ఏడాది దాకా జైలు పడొచ్చు. పైగా వేలిమీద సిరా ఉంటుందిగా. ఆ సిరా మన పక్కనే మైసూరులో తయారవుతుంది, అంత తేలిగ్గా పోదు.

సొంతిల్లు సంగతి చాలామందికి తెలియదు. ఇల్లు ఉన్నంత మాత్రాన ఆ ఊరి నివాసి అయిపోరని అదే చట్టం 20వ సెక్షన్ చెబుతోంది. మామూలుగా ఎక్కడ ఉంటున్నారన్నదే లెక్క. అద్దెకున్నా, పీజీలో ఉన్నా మీరు ఇక్కడి ఓటరు కావచ్చు. కొన్నాళ్ళు ఊరు వదిలినంత మాత్రాన ఊరి ఓటు పోదని కూడా అందులోనే ఉంది. కాబట్టి చదువుకో, చిన్న ప్రాజెక్టుకో వచ్చినవాళ్ళు ఊరి ఓటు ఉంచుకోవడం తప్పు కాదు. సంక్రాంతికి మాత్రమే ఊరు గుర్తొచ్చేవాళ్ళ మాట వేరు.

నా అభిప్రాయం అడిగితే, ఇక్కడికి మార్చుకో. 2024లో ఆంధ్రలో నూటికి ఎనభై మందికి పైగా ఓటేశారు. అదే ఏడాది బెంగళూరు దక్షిణ నియోజకవర్గంలో 53 శాతం దగ్గరే ఆగింది. ఊరి ఓటుకోసం రాత్రంతా బస్సులో నిలబడి పోయే మనవాళ్ళే, ఇక్కడ పోలింగ్ రోజు సెలవిస్తే నంది హిల్స్ పోతారు. ఇక్కడి ట్యాంకరు నీళ్ళు తాగుతూ, ఇక్కడి గుంతల్లో బండి నడుపుతూ, ఇక్కడి ఎమ్మెల్యే మనల్ని లెక్కచేయడని తిట్టుకుంటే ఎలా? ఓటర్ల జాబితాలో లేనివాడి పేరు ఆయనకెలా తెలుస్తుంది?

మార్చుకోవడానికి ఫారం 8. ఎన్నికల సంఘం పోర్టల్లో నింపొచ్చు. పాతచోట పేరు వాళ్ళే తీసేస్తారు. సందేహం ఉంటే 1950 నంబరుకి ఫోన్ చెయ్యి.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ పెద్దాయన అద్దెకున్నవాళ్ళ పేర్ల జాబితా తెచ్చి, 'వీళ్ళంతా అవతలి పార్టీవాళ్ళు, ఎలాగూ రేపోమాపో ఖాళీ చేసేవాళ్ళే, ఫారం 7 మీద సంతకం పెట్టండి' అంటున్నారు. ఆయన మా జిల్లావాడే, పండక్కి బొబ్బట్లు పంపేంత చనువుంది. కాదనలేకపోతున్నాను. (వైట్‌ఫీల్డ్ పాఠకుడు)

జవాబు: కాదనండి. బొబ్బట్లు తినండి, సంతకం మాత్రం పెట్టకండి.

ఫారం 7 అంటే ఓటరు పేరు తొలగించమనే దరఖాస్తు. చనిపోయినవారి పేరో, ఇల్లు మారినవారి పేరో జాబితాలో మిగిలిపోతే దానికోసం పెట్టిన ఏర్పాటు. రేపు ఖాళీ చేయవచ్చన్నది కారణం కాదు. ఏ పార్టీ అన్నది అసలే కాదు. అందులో మీ పేరు, మీ ఓటరు కార్డు నంబరు, మీ సంతకం ఉంటాయి. అబద్ధమని తేలితే పైన చెప్పిన ఏడాది జైలు సెక్షనే మీకూ వర్తిస్తుంది. జాబితా తెచ్చిన పెద్దాయన పేరు అందులో ఎక్కడా ఉండదు, గమనించారా?

దీన్ని చిన్న విషయంగా వదిలేయొద్దు. అవతలివాడి కంటే ఎక్కువ ఓట్లు తెచ్చుకుని గెలవడం పోటీ. అవతలివాడి ఓటే లేకుండా చేయడం పేకాటలో ముక్క దాచినట్టు. నాకు ఏ పార్టీ మీదైనా అభిమానం ఉండొచ్చు, ఈ పని ఆ పార్టీ చేసినా నేను ఇదే రాస్తాను.

అంతటితో ఆగకండి. పెద్దాయన తెచ్చిన జాబితాలో ఉన్న ఇళ్ళవాళ్ళకి, ఓటర్ల జాబితాలో తమ పేరుందో లేదో ఒకసారి చూసుకోమని చెప్పండి. తొలగించాలని ఎవరైనా దరఖాస్తు పెడితే అధికారులు ఇంటికొచ్చి విచారించాలి, ఆ ఓటరుకి నోటీసిచ్చి చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. ఆ నోటీసు వచ్చిన రోజు ఇంటికి తాళం వేసి ఊరెళ్ళి ఉంటే కష్టం. అందుకే ముందే తెలియడం మంచిది. మీ బూత్ స్థాయి అధికారి, అంటే బీఎల్ఓ, ఎవరో పోర్టల్లో ఉంటుంది. ఎక్కువసార్లు ఆమె మీ పక్క వీధి అంగన్‌వాడీ టీచరో, బడి టీచరో అయి ఉంటుంది. ఫోన్ చేసి చెప్పండి.

పెద్దాయనతో ఏమనాలంటారా? 'అన్నా, నేను సంతకం పెట్టను, మీరూ పెట్టొద్దు' అనండి. కోపమొస్తే నాలుగు రోజులు ఉంటుంది.

ప్రశ్న: ఓటింగ్ మిషన్లన్నీ మోసమేనని మా ఆఫీసులో సగంమంది, అడిగినవాళ్ళంతా దేశద్రోహులని మిగతా సగం. నాకు రెండూ నచ్చక ఓటే మానేద్దామనుకుంటున్నాను.

జవాబు: మానేస్తే రెండు వర్గాలకీ నష్టం లేదు, మీకే. అడగడం తప్పెలా అవుతుంది? అడుగుతారనే కదా ఇన్ని ఏర్పాట్లు పెట్టింది. నేను డ్యూటీ చేసిన బూత్‌ల సంగతి చెబుతాను. పోలింగ్ మొదలవకముందే అభ్యర్థుల తరఫున కూర్చునే ఏజెంట్ల కళ్ళముందు కనీసం 50 నమూనా ఓట్లు వేయించాలి. మిషన్ లెక్కా, వీవీప్యాట్ (ఓటు ఎవరికి పడిందో చీటీమీద అచ్చువేసి చూపే పెట్టె) చీటీల లెక్కా సరిపోవాలి. తర్వాత ఆ ఓట్లు చెరిపి, చీటీలు తీసి, సీలు వేస్తాం. సీలుమీద ఏజెంట్లు సంతకాలు పెడతారు. సాయంత్రం మొత్తం ఎన్ని ఓట్లు పడ్డాయో ఫారం 17-సి లో రాసి ప్రతి ఏజెంటుకీ ఒక కాపీ ఇవ్వాలి. కౌంటింగ్ నాడు ఆ కాగితంతో సరిచూసుకోవచ్చు. ఒక్కో అసెంబ్లీ నియోజకవర్గంలో ఐదు బూత్‌ల చీటీలు లెక్కించాలని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. చీటీలన్నీ లెక్కపెట్టాలన్న కోరికను 2024 ఏప్రిల్ 26న, సరిగ్గా మనం బెంగళూరులో క్యూలో నిలబడ్డ రోజున, తోసిపుచ్చింది. అయితే రెండు, మూడు స్థానాల్లో వచ్చినవాళ్ళు కొన్ని మిషన్ల చిప్పులు తనిఖీ చేయించమని అడగొచ్చంది. ఇది చాలదనేవాళ్ళున్నారు, వాళ్ళ వాదన వినదగ్గదే.

నా మటుకు నాకు ఆ బూత్‌లో నచ్చింది ఏజెంట్లు. బయట ఒకరి ఫ్లెక్సీ ఒకరు చించుకునే పార్టీలవాళ్ళు లోపల ఒకే బెంచీమీద కూర్చుని, ఒకే పొట్లంలో ఇడ్లీ తింటూ, ఒకరి లెక్క ఇంకొకరు రోజంతా సరిచూస్తారు. మీకు అనుమానం ఉంటే మంచిదే. నమ్మిన అభ్యర్థి తరఫున ఏజెంటుగా కూర్చోండి. మీ ఆఫీసులోని రెండు వర్గాలనుంచీ ఒక్కొక్కరిని తీసుకెళ్ళండి.

ప్రశ్న: టీచర్, నాకు నవంబరులో 18 నిండుతాయి. ఇప్పుడే అప్లై చేయొచ్చా?

జవాబు: చేయొచ్చు నాన్నా. 17 నిండితే కొత్త ఓటరుగా నమోదుకి ముందుగానే ఫారం 6 ఇవ్వొచ్చు. జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు నెలల ఒకటో తేదీలను లెక్కలోకి తీసుకుంటారు. నీకు నవంబరు కాబట్టి వచ్చే జనవరి 1 లెక్కలో పేరెక్కుతుంది. పుట్టినతేదీ రుజువు, ఫోటో, ఉంటున్న ఇంటి చిరునామాకి ఆధారం జతచెయ్యి. ఆధార్‌లో ఇంకా ఊరి చిరునామానే ఉంటే గ్యాసు బిల్లో, బ్యాంకు పాస్‌బుక్కో నడుస్తుంది.