అమియోడరోన్ వేసుకుంటే గుండెకే ప్రమాదమా? కావలి నుంచి మా అనుభవం

మీ ప్రశ్న ఇదీ: అమ్మగారికి అరవై దాటాయి, గతంలో హార్ట్ ఎటాక్ వచ్చి స్టెంటు వేశారు. ఇప్పుడు గుండె లయ తప్పింది, ఏఎఫ్ (ఏట్రియల్ ఫిబ్రిలేషన్, గుండె పై గదులు అడ్డదిడ్డంగా కొట్టుకోవడం) అని చెప్పి నెల్లూరు పొగతోటలో డాక్టరు అమియోడరోన్ 200 రాశారు. లయ సరిచేసే మందే లయ చెడగొడుతుందని నెట్‌లో చదివారు, ఆపేయాలా అంటున్నారు.

ఆపొద్దండీ. రాసిన డాక్టరుతో మాట్లాడకుండా మీ అంతట మీరు అసలు ఆపొద్దు. అలాగని మీరు చదివింది అబద్ధమూ కాదు. ‘ఏం కాదులే’ అని తీసిపారేసేవాళ్ల మాట కూడా పట్టించుకోకండి.

నేను డాక్టరును కాను. మా నాన్నకు ఇదే ఏఎఫ్‌కి సోటలాల్ అనే మాత్ర ఇచ్చారు. మొదట ఆసుపత్రిలో ఉంచి, రోజూ ఈసీజీ తీసి, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ చూసి మరీ మొదలుపెట్టారు. దడ తగ్గింది, మనిషి తేరుకున్నాడు. ఆ తర్వాత రోహిణి కార్తె ఎండల్లో వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. దగ్గర్లో ఉన్న ఒక ప్రాక్టీషనర్ వాంతులకు ఆన్‌డాన్సెట్రాన్ ఇంజెక్షను చేసి, అజిత్రోమైసిన్ బిళ్లలు ఇచ్చాడు. రోజూ ఏం మందులు వేసుకుంటున్నారని ఒక్క మాట అడగలేదు. మర్నాడు తెల్లవారుజామున నాన్న స్పృహ తప్పి పడిపోయారు. నెల్లూరు తీసుకెళ్తే ఈసీజీలో క్యూటీ (గుండె ఒకసారి కొట్టుకుని మళ్లీ సిద్ధమవడానికి పట్టే సమయం) 500 మిల్లీసెకన్లు దాటింది, పొటాషియం బాగా పడిపోయింది. సోటలాల్ ఆపి, మెగ్నీషియం, పొటాషియం ఎక్కించి ఐసీయూలో ఉంచారు. ఇప్పుడు బాగున్నారు.

అక్కడి డాక్టరమ్మ ఓపిగ్గా వివరించింది. గుండె ఒకసారి కొట్టుకున్నాక, మళ్లీ కొట్టుకోవడానికి సిద్ధమవ్వాలంటే దాని కణాలకు కొంచెం సమయం పడుతుంది. సోటలాల్ ఆ సమయాన్ని పెంచుతుంది. లయ నిలబడేది దానివల్లే. ఆ సమయం మరీ ఎక్కువైతే గుండె కింది గదుల్లో టోర్సాడ్ అనే ప్రమాదకరమైన దడ పుట్టొచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. ఈ మందు కిడ్నీల ద్వారానే బయటికి పోతుంది. ఒంట్లో నీళ్లు తగ్గి కిడ్నీలు మందగించడంతో మందు లోపల పేరుకుంది. విరేచనాలతో పొటాషియం పోయింది. దానికి తోడు, ఇచ్చిన రెండు మందులూ క్యూటీని పెంచేవే. ఇన్నీ ఒకేసారి కలిశాయి.

లయ సరిచేసే మందే ప్రాణం తీయొచ్చన్న సంగతి వైద్యులకూ గట్టి దెబ్బ తగిలాకే అర్థమైందట. హార్ట్ ఎటాక్ తర్వాత వచ్చే అదనపు కొట్టుకోళ్లను అణిచేస్తే ప్రాణాలు నిలుస్తాయని ఒకప్పుడు నమ్మేవాళ్లు. క్యాస్ట్ అనే అమెరికా పరిశోధనలో దాన్ని పరీక్షించారు. ఆ కొట్టుకోళ్లను అణిచే ఫ్లెకైనైడ్, ఎన్‌కైనైడ్ మందులు తీసుకున్న 755 మందిలో 63 మంది చనిపోయారు, ఉత్తుత్తి మాత్ర తీసుకున్న 743 మందిలో 26 మందే. ఆ పరిశోధనలో 1989లోనే ఆ రెండు మందులనూ ఆపేశారు, పూర్తి వివరాలు 1991లో వచ్చాయి. ఈసీజీ చక్కబడింది, మనుషులు మాత్రం ఎక్కువమంది పోయారు! అందుకే హార్ట్ ఎటాక్ వచ్చినవాళ్లకు ఫ్లెకైనైడ్ ఇవ్వరు. మీ అమ్మగారికి అమియోడరోన్ రాయడానికి కారణం ఇదే అయ్యుండొచ్చు. అది కూడా క్యూటీని పెంచుతుంది గానీ, టోర్సాడ్ తెప్పించడం అరుదు, దెబ్బతిన్న గుండెకు కూడా ఇవ్వగలిగిన మందు.

దాని ఇబ్బందులు వేరే ఉన్నాయి. నాడి మరీ నెమ్మదించవచ్చు, ముఖ్యంగా నాడిని తగ్గించే మెటోప్రోలాల్ లాంటి మందులు తోడుంటే. 200 మాత్రలో సుమారు 75 మిల్లీగ్రాముల అయోడిన్ ఉంటుంది కాబట్టి థైరాయిడ్ అటో ఇటో అవుతుంది. లివరు, ఊపిరితిత్తులు కూడా చూసుకోవాలి. ఆరు నెలలకోసారి టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), లివర్ పరీక్ష చేయించండి. కొత్తగా పొడి దగ్గు, ఆయాసం వస్తే చలికాలం దగ్గేలే అనుకోవద్దు. రక్తం పలచనయ్యే ఎసిట్రోమ్ గానీ వార్ఫరిన్ గానీ వాడుతుంటే ఐఎన్ఆర్ (రక్తం ఎంత పలచనయ్యిందో చెప్పే పరీక్ష) ఎగబాకుతుంది, ఆ పలచన చేసే మందు మోతాదు తగ్గించాల్సి వస్తుంది. ఇది డాక్టరును తప్పకుండా అడగండి. ఇంకొకటి, మాత్ర ఆపినా వారాలు, నెలలపాటు ఒంట్లో ఉంటుంది. కాబట్టి భయపడి ఇవాళ ఆపినంత మాత్రాన రేపటికి దాని ప్రభావం పోదు.

మా ఇంట్లో ఇప్పుడు నాన్న చొక్కా జేబులో ఒక కాగితం ఉంటుంది: మందుల పేర్లు, మోతాదులు, ‘క్యూటీ పెంచే మందులు ఇవ్వొద్దు’ అని తెలుగులోనే రాసింది. మెడికల్ షాపులో దగ్గు బిళ్ల అడిగినా ముందు ఆ కాగితం చూపిస్తాం. జ్వరానికైనా, పన్నుకైనా, ఏ డాక్టరు దగ్గరికైనా అంతే. లాసిక్స్ లాంటి నీటి మాత్ర (మూత్రం ఎక్కువ పోయేలా చేసేది) వాడుతుంటే పొటాషియం పరీక్ష ఎప్పుడెప్పుడు చేయించాలో కార్డియాలజిస్టునే అడిగి రాయించుకోండి. వాంతులు, విరేచనాలు మొదలైతే ఇంటి వైద్యం చేస్తూ కూర్చోకుండా అదే రోజు ఆయనకు ఫోన్ చేయండి.

కళ్లు తిరిగి పడిపోయినా, స్పృహ తప్పినా, నాడి యాభై కంటే తగ్గి నీరసంగా ఉన్నా వెంటనే 108కి చేయండి. పాత ఈసీజీ ఒకటి వెంట తీసుకెళ్లండి, కొత్తదానితో పోల్చి చూడటానికి డాక్టర్లకు పనికొస్తుంది.