‘ఒత్తిడి’ అన్న మాట దగ్గర కాస్త ఆగు

అమ్మాయీ,

బీపీ గురించి, మెదడులో ఆక్సీకరణ ఒత్తిడి గురించి నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. చాలా కష్టపడి చదివి రాశావు. కానీ మొదటి పేరాలోనే ‘ఒత్తిడి’ మూడు అర్థాల్లో దొర్లింది: రక్తం ఒత్తిడి, మనసు ఒత్తిడి, కణాల్లో ఒత్తిడి. మా అక్కకు చదివి వినిపిస్తే, “అంటే టెన్షన్ పడొద్దనేగా?” అంది. ఆవిడ తప్పేం లేదు, ఆ మాట వినగానే మనకు తోచేది అదే. మొదటిదాన్ని బీపీ అను, రెండోదాన్ని టెన్షన్ అను. మూడోదానికి పేరు పెట్టేముందు సంగతి చెప్పు. ఆక్సిజన్ వాడుకునే కణాల్లో సూపరాక్సైడ్ లాంటి దూకుడు పదార్థాలు పుడుతుంటాయి. వాటిని అణిచే ఎంజైములూ అక్కడే ఉంటాయి. పుట్టేవి ఎక్కువై, అణిచేవి చాలకపోతే కణానికి చేటు.

ఇక బీపీ పడిపోకుండా శరీరం దానంతటదే సర్దుకునే రిఫ్లెక్స్‌ని నిర్వచనంతో మొదలుపెట్టకు. పొద్దున్నే మంచం మీంచి లేచే మనిషిని చూపించు. లేవగానే దాదాపు అర లీటరు రక్తం కాళ్లలోకి, పొట్టలోకి జారుతుంది. మెడ పక్కన, దవడ కింద వేలు పెడితే కొట్టుకుంటూ తగులుతుందే, ఆ కెరోటిడ్ ధమని అక్కడే రెండుగా చీలుతుంది. నాళం గోడ ఎంత సాగిందో కనిపెట్టే నరాల కొసలు ఆ చీలిక దగ్గరే ఉన్నాయి. సాగుడు తగ్గిందని మెదడు అడుగున ఉన్న మెడుల్లాకు కబురు వెళ్తుంది. క్షణాల్లో గుండె వేగం పెరుగుతుంది, నాళాలు బిగుసుకుంటాయి. ఆ మనిషి మామూలుగా వంటింట్లోకి వెళ్లి కాఫీ పెట్టుకుంటుంది.

బీపీ ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే, ఈ ఏర్పాటు ఆ ఎక్కువనే మామూలుగా తీసుకుంటుంది. దాని చురుకూ తగ్గుతుంది. నీ వ్యాసానికి ప్రాణం ఇక్కడుంది, నువ్వేమో రెండు వాక్యాల్లో దాటేశావు.

‘పరిశోధనల్లో తేలింది’ అని రాశావు. ఎవరి మీద చేసిన పరిశోధన? 1963లో జపాన్‌లోని క్యోటోలో ఒకమోటో, అవోకి అనే శాస్త్రవేత్తలు వంశపారంపర్యంగా బీపీ పెరిగే ఎలుకల జాతిని తయారుచేశారు. ఆ సంతతిలోంచి వచ్చిన, పక్షవాతం తేలిగ్గా వచ్చే ఎలుకల మెడుల్లాలో సూపరాక్సైడ్‌ని అణిచే ఎంజైము జన్యువు ఎక్కిస్తే బీపీ తగ్గిందని 2004లో క్యూషూ విశ్వవిద్యాలయం వాళ్లు చూపించారు. గొప్ప పని. అయినా ‘ఎలుకల్లో’ అన్న మాట మింగేస్తే చదివేవాళ్లు తమ గురించే అనుకుంటారు.

అందుకే చివరి పేరా, ఆ దూకుడు పదార్థాల్ని అణచడానికి విటమిన్ మాత్రలు వేసుకోమన్న సలహా, తీసెయ్. 2000లో వచ్చిన హోప్ అధ్యయనంలో 9,500 మందికి పైగా పాల్గొన్నారు. సగం మందికి నాలుగున్నరేళ్లు విటమిన్ ఈ ఇచ్చినా గుండెపోట్లు, పక్షవాతాలు తగ్గలేదు. నేనూ చిన్నతనంలో ఇలాంటి పేరా ఒకటి రాశాను. అది చదివి ఒక పెద్దాయన బీపీ మాత్రలు మానేసి, విటమిన్ క్యాప్సూల్స్ వేసుకుంటున్నానని సంతోషంగా ఉత్తరం రాశారు. వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లమని ఆ రోజే జవాబు వేశాను. అది చేరేదాకా నాకు నిద్ర లేదు.

మంచం మీంచి లేచే మనిషితో మొదలుపెట్టి మళ్లీ రాయి. ఆదివారం లోపు పంపితే మా అక్కకు చదివి వినిపిస్తాను.

ఆశీస్సులతో,
మాస్టారు