అమ్మేయమనకు, లెక్క అడుగు

కెనడాలోని విన్నిపెగ్ నుంచి ఒక చెల్లి రాసింది. ఉత్తరం చాలా పొడుగు, అందుకే నా మాటల్లో కుదించి చెబుతున్నా. సొంతూరు ఖమ్మం, పెళ్లయి పదకొండేళ్లు, బాబుకి తొమ్మిది, పాపకి నాలుగు. భర్త సాఫ్ట్‌వేర్. రెండేళ్ల కింద ఆయన విన్నిపెగ్ సరస్సు దగ్గర చేపలు పట్టుకునే ఒక ముసలాయన వద్ద 1949 నాటి బాంబార్డియర్ బి12 మంచుబండి కొన్నాడు. కొన్నాక ఇంట్లో చెప్పాడు. అప్పట్నుంచి రెండు కార్లు పట్టే గ్యారేజీ మొత్తం దానిదే, కార్లేమో బయట మైనస్ ముప్పైలో గడ్డకడుతున్నాయి. మొన్న క్రెడిట్ లైన్ (బ్యాంకులో కావాల్సినప్పుడల్లా తీసుకునే అప్పు ఖాతా) స్టేట్‌మెంట్ తీసి చూస్తే, 6,500 డాలర్లకు కొన్న బండికి ఇప్పటిదాకా అయింది 18,000. ఈ చెల్లి నాన్నగారి షష్టిపూర్తికి టికెట్ల కోసం దాచిన డబ్బు కూడా అందులోకే పోయింది. వెళ్లలేకపోయింది. ఆ మంటలో బండి ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూపులో "మా ఆయన రెండో కాపురం" అని పెట్టింది. అందరూ నవ్వారు, ఆడపడుచైతే "ఇనప సామాన్ల కొట్టు ఎప్పుడు తెరుస్తున్నావ్ అన్నయ్యా" అంది. ఆయన మాట్లాడ్డం మానేసి పన్నెండు రోజులైందట. "బండి అమ్మేస్తావా, నన్ను ఇండియా పంపేస్తావా, ఏదో ఒకటి తేల్చమని అడగబోతున్నాను అక్కా. తప్పా?" అని ముగించింది.

చెల్లీ, నువ్వు అక్కా అన్నావు కాబట్టి నేనూ నువ్వు అనే రాస్తున్నా, ఏమీ అనుకోకు.

నీ ప్రశ్న సంగతి తర్వాత. మూడో పేజీలో ఒక లైను రాసి దాటేశావు, నేను మాత్రం అక్కడే ఆగిపోయాను. నవంబర్లో ఇంజిన్ స్టార్ట్ అయిందనీ, అప్పట్నుంచి ప్రతి ఆదివారం కాసేపు ఆన్ చేసి ఉంచుతున్నాడనీ రాశావు. గ్యారేజీ ఇంటికి ఆనుకునే ఉంది, బాబు గది సరిగ్గా దాని పైనే. "ఈమధ్య ఆదివారం సాయంత్రాలు పెద్దాడు తలనొప్పి అంటున్నాడు, ఫోన్ ఎక్కువ చూస్తున్నాడేమో" అని కూడా రాశావు. ఫోనే కావచ్చు, కళ్లజోడు అవసరం కావచ్చు. కానీ పెట్రోలు ఇంజిన్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి రంగూ లేదు, వాసనా లేదు. గ్యారేజీ తలుపు ఎత్తి పెట్టాం కదా అంటే చాలదు. గోడ సందుల్లోంచి, పైకప్పులోంచి, ఇంట్లోకి తెరుచుకునే తలుపు కిందనుంచి లోపలికి వస్తుంది. చలికి కిటికీలన్నీ బిగించుకుని కూర్చునే ఇంట్లో అది పోయే దారి కూడా ఉండదు. తలనొప్పి, తల తిరగడం, కడుపులో వికారం, బయటికి పోతే తేలికపడటం, ఇవీ గుర్తులు. పైన పొగ అలారం ఉంది కదా అనుకుంటావేమో, మామూలు పొగ అలారం దీన్ని పసిగట్టలేదు. కార్బన్ మోనాక్సైడ్ డిటెక్టర్ విడిగా కొనాలి, హార్డ్‌వేర్ షాపుల్లోనే దొరుకుతుంది, పిల్లలు పడుకునే గదుల దగ్గర ఒకటి, ప్రతి అంతస్తులో ఒకటి పెట్టు. బాబుని డాక్టర్‌కి చూపించు, ఆదివారాల సంగతి కూడా చెప్పు. మళ్లీ ఆ ఇంజిన్ తిరగాలంటే బండి గ్యారేజీ బయటకు లాగాకే. ఇందులో బేరం లేదు, ఆయన మౌనవ్రతం ముగిసేదాకా ఆగేది కూడా లేదు. ఫ్రిజ్ మీద చీటీ అంటించైనా సరే చెప్పు.

ఇప్పుడు బండి. ఇది చదివేవాళ్లలో చాలామందికి అదేంటో తెలియదు కాబట్టి రెండు ముక్కలు. మన ఊళ్లో పొక్లెయిన్ కింద చైను తిరుగుతుంది చూడండి, ఆ జాతిది, కాకపోతే ఇనప చైను బదులు రబ్బరు బెల్టులు, వాటి మీద అడ్డంగా ఉక్కు పట్టీలు. ముందు చక్రాలుండాల్సిన చోట స్కీలు, వెనక ట్రాకులు, ఇంజిన్ వెనకవైపు, బాడీ అంతా ప్లైవుడ్డు, ఓడకి ఉన్నట్టు గుండ్రటి కిటికీలు, పన్నెండు మంది కూర్చోవచ్చు. క్యూబెక్‌లో వాల్‌కూర్ అనే ఊళ్లో జోసెఫ్ అర్మాన్ బాంబార్డియర్ తయారుచేశాడు. అప్పట్లో మంచు పడితే పల్లె రోడ్లు మూసుకుపోయేవి, డాక్టర్లు, పోస్టు, బడి పిల్లలు అందరూ వీటిలోనే. 1948లో క్యూబెక్ ప్రభుత్వం చలికాలంలో రోడ్లు శుభ్రం చేయాలని తేల్చేసరికి వీటి గిరాకీ పడిపోయింది, ఆ దెబ్బ తిన్న కంపెనీయే తర్వాత 1959లో స్కీ-డూ అనే చిన్న మంచుబండి తెచ్చింది. విన్నిపెగ్ ఉన్న మానిటోబా రాష్ట్రంలో మాత్రం గడ్డకట్టిన సరస్సు మీద చేపలు పట్టేవాళ్లు ఈ పాత బండ్లని వదల్లేదు. అంటే మీ ఆయన కొన్నది ఎవరికీ పట్టని చెత్త కాదు, నీ గ్రూపులో నవ్వినవాళ్లకి ఆ సంగతి తెలియదు అంతే.

ఈ బండి పిచ్చి ఉన్నవాళ్లు తప్పకుండా చెప్పే కథ ఒకటుంది, మీ ఆయనా నీకు చెప్పే ఉంటాడు. 1934 చలికాలంలో బాంబార్డియర్ రెండేళ్ల కొడుక్కి అపెండిసైటిస్ ముదిరి ప్రాణం మీదికొచ్చింది, మంచుకి దారులు మూసుకుపోయాయి, ఆస్పత్రికి తీసుకెళ్లలేకపోయారు, పిల్లాడు పోయాడు. మూడేళ్లకి, 1937లో, ఆయన ట్రాకుకీ రబ్బరు పూత పెట్టిన పళ్ల చక్రానికీ పేటెంట్ తీసుకున్నాడు. ఈ కథ చెప్పి కళ్లు తుడుచుకునే మగవాళ్లు ఆ పక్కనే ఉన్న ఇంకో కథ చెప్పరు. బాంబార్డియర్‌కి పదిహేనేళ్లప్పుడు, 1922 డిసెంబర్ 31న, ఫోర్డ్ ఇంజిన్‌కి విమానం రెక్కలాంటి పంఖా తగిలించిన ఒక మంచుబండి చేసి తమ్ముడితో కలిసి వీధిలో నడిపాడు. పంఖా బయటే గిర్రున తిరుగుతోంది, ఎవరికి తగిలినా అంతే. వాళ్ల నాన్న చూసి, వెంటనే విప్పి పారెయ్యమన్నాడు. అదే నాన్న నాలుగేళ్ల తర్వాత, 1926లో, ఆ అబ్బాయి సొంతంగా గ్యారేజీ పెట్టుకోడానికి అప్పు ఇప్పించి నిలబెట్టాడు. ప్రమాదం ఉన్నచోట మొహమాటం లేకుండా ఆపాడు, పిల్లాడి చేతిలో స్పానర్ మాత్రం లాక్కోలేదు. నువ్వు ఇప్పుడు చెయ్యాల్సింది సరిగ్గా అదే.

అమ్మేయమనొద్దని ఎందుకంటున్నానంటే, సగం విప్పిన బండిని అమ్మడమంత నష్టం ఇంకోటి లేదు. కొనేవాడు వచ్చి డబ్బాల్లో బోల్టులు చూస్తాడు, ఇందులో ఏం పోయిందో ఏం ఉందో ఎవరికి తెలుసు అనుకుంటాడు, ఆరు వేల ఐదొందల వస్తువుకి రెండు వేలు అంటాడు. కోపం చల్లారుతుంది, డబ్బు మాత్రం వెనక్కి రాదు. పైగా జీవితాంతం "నువ్వే అమ్మించావ్" అనే మాట నీకు మిగులుతుంది, అది ఇంకా ఖరీదు.

ఆ పద్దెనిమిది వేలు ఎలా అయ్యాయో నాకు కాస్త తెలుసు. మా నాన్న 1983లో తెనాలిలో ఒక చెడిపోయిన యెజ్డీ మోటార్‌సైకిల్ కొని వసారాలో విప్పి పెట్టారు. బోల్టులన్నీ పాత ఆవకాయ జాడీల్లో, పక్కన కిరసనాయిలు గిన్నె. తుప్పు పట్టిన బోల్టు తిప్పబోతే తల విరిగి చేతికొచ్చేది, దాన్ని బయటికి తీయడానికి డ్రిల్లు, డ్రిల్లు జారి మర పాడైతే కొత్త మర కోయించడానికి గుంటూరు, గుంటూరు వెళ్లాం కదా అని అక్కడ ఇంకో నాలుగు సామాన్లు. ఏ ఒక్కటీ పెద్ద ఖర్చు కాదు, చిల్లర చిల్లరగా పోయింది. మా అమ్మకి ఒకరోజు పోపుల పెట్టెలో, ఆవాల గిన్నెలో వాషర్ దొరికింది. అరవలేదు. ఆ సాయంత్రం నాన్న ముందు ఆ వాషర్ పెట్టి, "ఒకటో తారీఖు జీతం కవరు నా చేతికొచ్చాకే నీ చేతికి స్పానర్" అంది. నాన్న ఒప్పుకున్నారు. బండి ఎప్పటికీ స్టార్ట్ కాలేదనుకో, 1987లో కిలోల లెక్కన పోయింది, ఆ పూట నాన్న అన్నం తినలేదు. కానీ మా ఫీజులు ఒక్కసారి కూడా ఆగలేదు.

మీ ఇంట్లో కూడా అంతే అయ్యుంటుంది. రబ్బరు బెల్టులు ఎండి పగిలిపోతాయి, ప్లైవుడ్డు అడుగున కుళ్లుతుంది, పైన రంగు చూసి బాగుందనుకుంటే రేకు తీసేసరికి లోపల పొడి. పార్సిల్ మీద పార్సిల్, 85 డాలర్లు, 140, 210. మోసం చేద్దామని చేసి ఉండడు. కానీ కూడిక వేసి నీకు చూపించలేదు, చూపిస్తే ఆగిపోవాల్సి వస్తుందని ఆయనకి తెలుసు, అందుకే చూపించలేదు. నాన్న షష్టిపూర్తి డబ్బు ముట్టుకున్నాడు, అది మాత్రం తప్పే, దానికి ఏ సరస్సు కథా సాకు కాదు. నీకు ముల్లు గుచ్చుకున్నది బండి దగ్గర కాదమ్మా, ఇక్కడ. కాబట్టి ఇక్కడే మాట్లాడు.

అయితే ముందు నీ వైపు నుంచి ఒకటి. ఆ ఫొటో తప్పు. ఆయన రెండేళ్లు చేతులు చీల్చుకున్న పనిని వాళ్ల అమ్మ ముందు, చెల్లెలి ముందు జోకు చేశావు. ఆయన నీ పుట్టింటి గ్రూపులో నీ గురించి అలాంటిదొకటి పెడితే పన్నెండు రోజులు కాదు, నువ్వు పన్నెండు నెలలు మాట్లాడవు. ఎక్కడ పెట్టావో అక్కడే, ఆ గ్రూపులోనే, "నేను అలా పెట్టి ఉండాల్సింది కాదు" అని ఒక ముక్క రాయి. సంజాయిషీ, స్మైలీ ఏమీ వద్దు. ఇంట్లో వేరేగా సారీ చెప్పడం దీనికి బదులు కాదు.

తర్వాత శనివారం పొద్దున, పిల్లలు టీవీ ముందు ఉన్నప్పుడు, గ్యారేజీలోకి నువ్వే వెళ్లు. టీ తీసుకెళ్లు, ఆయన ఎక్కడ ఆగాడో చూపించమను, నిజంగానే చూడు. తర్వాత చెప్పు: "బండి అమ్మమనడం లేదు. నాన్న డబ్బు ముందు తిరిగి రావాలి, ఈ వేసవిలోగా నేను పిల్లల్ని తీసుకుని ఖమ్మం వెళ్లాలి. అది పూర్తయ్యేదాకా దీని మీద కొత్త ఖర్చు లేదు. తర్వాత నెలకి ఇంత అని ఒక అంకె నువ్వే చెప్పు, ఆ డబ్బు వేరే అకౌంట్లో వేసుకో, క్రెడిట్ లైన్ ముట్టుకోవద్దు." అంకె ఆయన నోటి నుంచే రావాలి, నువ్వు చెబితే అది జరిమానా అవుతుంది. ఇంకోటి, గడువు. వచ్చే ఏడాది మార్చి కల్లా బండి తన ట్రాకుల మీద తాను గ్యారేజీ బయటికి రాకపోతే అప్పుడు అమ్మకం గురించి మాట్లాడదాం అని. ఈలోపు విప్పిన ప్రతి భాగానికీ ఫొటో, ప్రతి డబ్బా మీద చీటీ. పూర్తయితే ఆయనకే సుఖం, కాకపోతే అమ్మేటప్పుడు ధర పలుకుతుంది.

ఆ చీటీలు రాసే పని బాబుకివ్వు. వాడికి అక్కడికి వెళ్లడం ఇష్టమని రాశావు, తండ్రితో ఆ రెండు గంటలు వాడి నుంచి తీసేయకు. కానీ రంగు గీకేటప్పుడు, బ్రేకులూ క్లచ్చూ విప్పేటప్పుడు వాడు అక్కడ ఉండకూడదు. ఆ కాలపు రంగుల్లో సీసం ఉండేది, బ్రేకు, క్లచ్ లైనింగుల్లోనూ గ్యాస్కెట్లలోనూ ఆస్బెస్టాస్ ఉండేది, ఆ దుమ్ముని కంప్రెసర్‌తో ఊదితే గదంతా అదే. తడిగుడ్డతో తుడవాలి, మంచి మాస్కు వేసుకోవాలి, ఆ బట్టలు పాప గౌన్లతో కలిపి వాషింగ్ మెషీన్లో వేయకూడదు. పెట్రోలు ట్యాంకు ఖాళీగా ఉన్నట్టు కనిపించినా దాని దగ్గర వెల్డింగ్ పెట్టకూడదు. ఇవన్నీ మీ ఆయనకి తెలిసే ఉంటాయి, తెలిసినవాళ్లే "ఈ ఒక్కసారికి" అంటారు. ఇంటి ఇన్సూరెన్స్ వాళ్లకి గ్యారేజీలో వెల్డింగ్ పని జరుగుతోందని చెప్పారా లేదా అది కూడా అడుగు.

ఒకవేళ ఆయన అంకె చెప్పనన్నా, లెక్క చూపించనన్నా, నాన్న డబ్బు గురించి "అయిపోయిందిగా, ఏం చేయమంటావ్" అన్నా, అప్పుడు మళ్లీ రాయి, అప్పుడు మనం మాట్లాడుకునేది బండి గురించి కాదు, వేరే లెవెల్ మాట అది. ఇండియా పంపేయమనే మాట మాత్రం నిజంగా వెళ్లిపోదలుచుకుంటేనే వాడు, బెదిరింపుకి వాడితే రెండోసారి దానికి విలువుండదు.

శనివారం దాకా ఆగాల్సినవి ఆగుతాయి. డిటెక్టర్ ఈరోజే తెచ్చి పెట్టు. ఎప్పుడైనా అది మోగితే ఎక్కడి వాళ్లని అక్కడి నుంచే బయటికి తెచ్చేసి, బయట నుంచే 911కి ఫోన్ చెయ్యి. బాబు తలనొప్పి గురించి డాక్టర్ ఏమన్నారో నాకు రాయి.