మొదటి రన్ చూసి మురిసిపోకు

చి. సుధకు,

పెదనాన్న ఆశీస్సులు. గడ్డి, కొయ్య లాంటి బయోమాస్‌ను ఇంధనంగా మార్చడానికి చేసిన కొత్త క్యాటలిస్ట్‌తో (రియాక్షన్‌ను వేగంగా జరిపించే పదార్థంతో) మొదటి రన్‌లోనే కన్వర్షన్, అంటే ముడిపదార్థంలో మారిపోయిన భాగం, 100 శాతం వచ్చిందని రాశావు. చాలా సంతోషం. కానీ ఆ అంకె చూసి అప్పుడే పేపర్ రాయడానికి కూర్చోకు తల్లీ. కన్వర్షన్ 100 దగ్గర ఉన్నప్పుడు క్యాటలిస్ట్‌లో సగం చచ్చిపోయినా నీకు తెలియదు, మిగిలిన సగమే పనంతా చేసేస్తుంది. టైమ్ తగ్గించో, క్యాటలిస్ట్ తగ్గించో కన్వర్షన్‌ను 30 శాతం చుట్టుపక్కలకు దించి, అదే క్యాటలిస్ట్‌ను మళ్లీ మళ్లీ వాడి చూడు. దాని అసలు సత్తా అప్పుడు తెలుస్తుంది.

నిన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టబోయేది నీళ్లు. రిఫైనరీల్లో ఏళ్ల తరబడి వాడుతున్న క్యాటలిస్టులు ముడి చమురు కోసం తయారైనవి. బయోమాస్‌ను పైరాలిసిస్ చేస్తే (గాలి తగలకుండా బాగా వేడిచేస్తే) వచ్చే బయో ఆయిల్‌లో మామూలుగా 15 నుంచి 30 శాతం నీళ్లే ఉంటాయి, పీహెచ్ 2, 3 మధ్య ఉంటుంది. పోనీ ఆ నీళ్లు తీసేసినా, హైడ్రోజన్‌తో ఆక్సిజన్‌ను తొలగిస్తుంటే అది మళ్లీ నీళ్లుగానే బయటికొస్తుంది. గామా అల్యూమినా సపోర్టును (లోహాన్ని మోసే ఆధార పదార్థాన్ని) 200 డిగ్రీల వేడి నీటిలో పెడితే కొన్ని గంటల్లోనే బోమైట్ అనే వేరే ఖనిజంగా మారడం మొదలవుతుంది. ఉపరితల వైశాల్యం పడిపోతుంది, నువ్వు కష్టపడి ఎక్కించిన నికెల్ పనికి రాకుండా పోతుంది. అందుకే నేనైతే ఏ సపోర్టునైనా ముందు ఉత్త నీళ్లతో ఆటోక్లేవ్‌లో (మూత బిగించిన ఒత్తిడి పాత్రలో), రియాక్షన్ ఉష్ణోగ్రతలోనే రాత్రంతా ఉంచి, పొద్దున స్ఫటిక నిర్మాణం కోసం ఎక్స్‌ఆర్‌డీ, ఉపరితల వైశాల్యం కోసం బీఈటీ చూస్తాను. వేళ్ల మధ్య నొక్కితే పొడైపోయే గుళికలను అక్కడే వదిలేస్తాను. కార్బన్, జిర్కోనియా, టైటానియా ఈ పరీక్షకు బాగా నిలబడతాయి. వాటితో మొదలుపెట్టు.

తర్వాత లీచింగ్ సంగతి, అంటే క్యాటలిస్ట్‌లోని సరుకు ద్రవంలోకి కరిగిపోవడం. రియాక్షన్ సగంలో ఉండగా, వేడి తగ్గనివ్వకుండా వడకట్టు. చల్లారనిస్తే కరిగిన లోహం మళ్లీ సపోర్టు మీదికే చేరి నిన్ను తప్పుదారి పట్టించవచ్చు. వడకట్టిన ద్రవంలో రియాక్షన్ ఇంకా ముందుకు పోతుంటే, పని చేస్తున్నది నీ ఘన క్యాటలిస్ట్ కాదు, అందులోంచి కరిగిపోయినది. సల్ఫేటెడ్ జిర్కోనియాలోని సల్ఫేట్, బయోడీజిల్‌కి వాడే కాల్షియం ఆక్సైడ్‌లోని కాల్షియం ఇలాగే జారిపోతుంటాయి. ఆ ద్రవాన్ని, కరిగిన లోహం ఎంతో కొలిచే ఐసీపీ పరీక్షకు కూడా పంపు.

క్యాటలిస్ట్ మీద పేరుకునే కార్బన్ మసి, అదే కోక్, గురించి అడిగావు. వాడిన గుళికను ఒకదాన్ని బ్లేడుతో రెండుగా కోసి లెన్స్ కింద పెట్టి చూడు. అంచు చుట్టూ మాత్రమే నల్లటి వలయం ఉండి లోపల తెల్లగా ఉంటే, పెద్ద అణువులు లోపలికి పోలేక బయటే పేరుకున్నాయన్నమాట. జెడ్‌ఎస్‌ఎం-5 అనే జియోలైట్ (సన్నని రంధ్రాలున్న స్ఫటిక పదార్థం) రంధ్రం వెడల్పు దాదాపు 5.5 ఆంగ్‌స్ట్రామ్‌లే, కొయ్యలోని లిగ్నిన్ ముక్కలు అందులో పట్టవు. అప్పుడు మీసోపోర్లు, అంటే ఇంకా పెద్ద రంధ్రాలు కూడా ఉన్న జియోలైట్ కావాలి. లోపలిదాకా ఒకే నలుపు ఉంటే ఆమ్ల స్థానాలు (క్యాటలిస్ట్ మీద రియాక్షన్ జరిగే ఆమ్ల గుణమున్న చోట్లు) మరీ ఎక్కువయ్యాయేమో చూసుకో. కోక్‌ను గాలిలో 550 డిగ్రీల దగ్గర కాల్చేయవచ్చు కానీ తొందరపడకు. కాలేటప్పుడు పుట్టే ఆవిరి జియోలైట్ చట్రంలోంచి అల్యూమినియంను లాగేస్తుంది. ఆక్సిజన్ పలచగా, వేడి మెల్లగా పెంచు.

బూడిద మాత్రం కాలిపోదు. గడ్డిలో, కొయ్యలో ఉండే పొటాషియం ఆమ్ల స్థానాల మీద కూర్చుంటే ఎంత కాల్చినా లేవదు. గ్వయాకాల్ లాంటి శుభ్రమైన మోడల్ కాంపౌండ్‌తో (అసలు ఫీడ్‌కు బదులు వాడే ఒకే పదార్థంతో) నీకు ఈ బాధ కనిపించదు. మొదట దానితోనే చెయ్యి, తప్పులేదు. అయితే క్యాటలిస్ట్ ఏదో ఖాయం చేసుకునే ముందే అసలు ఫీడ్‌తో ఒక రన్ వేసి తీరాలి.

కార్బన్ లెక్క మాత్రం ప్రతి రన్‌కీ రాయి. ద్రవం, గ్యాస్, కోక్ అన్నీ కలిపి లోపలికి పోయిన కార్బన్‌కు దగ్గరగా రాకపోతే, రియాక్టర్ గోడలకు అంటుకున్న నల్లటి హ్యూమిన్‌లను (పక్క రియాక్షన్లలో పుట్టే ఘన వ్యర్థాన్ని) గీకి తూచు. పంచదార నుంచి ఫ్యూరాన్లు (ఇంధనాలకు పనికొచ్చే రసాయనాలు) చేసేచోట చాలా దిగుబడి అక్కడే పోతుంది. ఇదంతా విసుగు పనే, నాకూ తెలుసు. కానీ ఈ లెక్క లేని సెలెక్టివిటీ అంకెను (మారినదాంట్లో కావలసిన పదార్థం ఎంతో చెప్పేదాన్ని) నేను నమ్మను.

వాడిన క్యాటలిస్ట్‌ను పారేయకు, రన్ నంబరు, తేదీ రాసి సీసాల్లో దాచు. కోసిన గుళికల ఫొటోలు నాకు పంపు, కలిసి చూద్దాం.

ఆశీస్సులతో,
పెదనాన్న